కోడి పని మనకెందుకు?

మన కూటాల్లో 'ప్రార్థన అవసరతలు' అని ఒకటుంటుంది కదా. "అక్కా, ఫలానా వాళ్లబ్బాయి మళ్లీ తాగుడు మొదలెట్టాడంట, ప్రార్థనలో పెట్టుకోండి" అంటాం. ఆ మాట దేవుడి దాకా వెళ్లిందో లేదో గానీ, ఆమేన్ అనేలోపు పేటంతా చుట్టొస్తుంది. పాపం ఆ అబ్బాయి ఆదివారం చర్చి దాకా వచ్చి, చెప్పులు విడిచే చోటే నిలబడిపోతాడు.

ఇలాంటప్పుడు నాకు పేతురు గుర్తొస్తాడు. ఆయన కాస్త లెక్కల మనిషి. సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు చాలా అని యేసునే అడిగాడు. డెబ్బై ఏళ్ల మారులని, అంటే డెబ్బై ఏడులసార్లని జవాబొచ్చింది. ఆ లెక్క రేపు తనకే అక్కరకొస్తుందని పాపం అప్పుడేం తెలుసు! ప్రధాన యాజకుడి ముంగిట్లో బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, ఒక్క రాత్రిలో మూడుసార్లు యేసెవరో ఎరగనని బొంకాడు. యేసు ముందే చెప్పినట్టు కోడి కూసింది. బయటికెళ్లి భోరుమన్నాడు.

అంతగా ఏడ్చినవాడికి "నువ్వు తప్పు చేశావు" అని మళ్లీ మనం చెప్పాలా? కోడి చెప్పేసింది కదండీ!

తిరిగి లేచాక యేసు ఏం చేశాడో యోహాను సువార్త చివరి అధ్యాయంలో చూడండి. తిబెరియ సముద్రం ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట. ఆ సువార్తలో బొగ్గుల మంట కనిపించేది ఈ రెండు చోట్లే. శిష్యుల వలలో 153 చేపలు పడ్డాయి సరే, అప్పటికే ఆయన చేపలు కాల్చి, రొట్టె సిద్ధంగా ఉంచాడు. ముందు కడుపు నిండా తిననిచ్చాడు. మాట ఆ తరవాతే. ఎందుకు బొంకావని అడగలేదు, ఇంకెప్పుడూ చేయనని ఒట్టూ వేయించుకోలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురు మనసు చివుక్కుమంది. అడిగిన ప్రతిసారీ తన మందను మాత్రం పేతురుకే అప్పజెప్పాడు. మనమైతే "ఓ రెండేళ్లు చూద్దాం" అనేవాళ్లం.

అలాగని కానుకల డబ్బు కాజేసినవాడికి మళ్లీ కానుకల పెట్టే ఇవ్వమనడం లేదు. కుర్చీలు సర్దే పని ఉంది, అది ఇవ్వండి. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి ఓర్చుకోమని ఇల్లాలికి చెప్పడం కూడా కనికరం కాదు. ముందు ఆమెకు కాపుదల కావాలి.

మరి మళ్లీ పడిపోతే అంటారా? పేతురూ తడబడ్డాడు. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్నవాడు, సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే వాళ్లకు జడిసి పక్కకు తప్పుకున్నాడు. పౌలు ముఖం మీదే నిలదీశాడు. ఆ గొడవంతా గలతీయులకు రాసిన పత్రికలో ఉంది. తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికంగా దారికి తెమ్మనీ, నీ సంగతీ చూసుకోమనీ పౌలు చెప్పింది కూడా ఆ పత్రికలోనే. నిలదీయడం వేరు, ఈసడించడం వేరు. ఈ వారం ఓసారి తీరిగ్గా చదవండి, ఆరు అధ్యాయాలేగా.