సిఫార్సు

మా ఇంట్లో సిఫార్సు అన్నది మంచి మాట కాదు. ఉద్యోగం కోసం గానీ బదిలీ కోసం గానీ నాన్న ఎవరి గుమ్మమూ ఎక్కలేదని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అందుకేనేమో, డెబియన్ లినక్స్‌లో ఒక ప్యాకేజీ ఇంకో ప్యాకేజీని ‘రికమెండ్’ చేస్తోందని కనిపిస్తే చాలు, అక్కర్లేదని కొట్టేసేవాణ్ణి. దానికో ఆప్షన్ ఉంది: నో ఇన్‌స్టాల్ రికమెండ్స్. ఏళ్ళ తరబడి వేళ్ళకి అలవాటైపోయింది.

డెబియన్‌లో ప్యాకేజీల మధ్య ఉండే సంబంధాల్లో ముఖ్యమైనవి మూడు: డిపెండ్స్, రికమెండ్స్, సజెస్ట్స్. ఆవకాయతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె లేకపోతే అది ఆవకాయే కాదు, అవి డిపెండ్స్. శనగలు వేస్తే బాగుంటుంది, వెయ్యకపోతే ఎవరూ అడగరు, అవి సజెస్ట్స్. వెల్లుల్లి మధ్యలోది. వెయ్యని ఇళ్ళున్నాయి, కానీ ఎందుకు వెయ్యరో ఆ ఇళ్ళవాళ్ళకి తెలుసు. డెబియన్ పాలసీ రికమెండ్స్ గురించి చెప్పేది దాదాపు ఇదే: ఏదో అసాధారణమైన సందర్భంలో తప్ప, ఈ రెండూ కలిసే ఉంటాయి. 2009లో వచ్చిన లెనీ నుంచి ఏప్ట్ వీటిని అడక్కుండానే తెచ్చిపెడుతోంది. వద్దనుకుంటే మనమే చెప్పాలి. నేను చెప్పేవాణ్ణి, కారణం తెలియకుండానే.

హైదరాబాదులో మా ఇంట్లో అటక కింద ఒక పాత కంప్యూటర్ ఉండేది. అందులో ఒకే కొలత డిస్కులు రెండు. ఒకదానిలో రాసిందల్లా రెండోదానిలోనూ రాసుకునే రెయిడ్ ఏర్పాటు. ఒకటి పోయినా రెండోది బండి లాగుతుంది. అమ్మ పాడిన పాటలు అందులో పెట్టాను. పెళ్ళిపాటలు, మంగళహారతులు, నాట్ల దగ్గర చిన్నప్పుడు విన్నవి, మొత్తం 63. తణుకు వెళ్ళినప్పుడల్లా ఫోన్లో రికార్డు చేసి, దీన్లోకి ఎక్కించి, చోటు చాలక ఫోన్లోవి తీసేసేవాణ్ణి. రెయిడ్ బ్యాకప్ కాదని అందరికీ చెప్పేవాణ్ణే.

ఆ డిస్కుల్ని చూసుకునే ప్రోగ్రాం ఎండీఆడ్మ్. దాన్ని పెట్టేటప్పుడు అది ఒక మెయిల్ సాఫ్ట్‌వేర్‌ని సిఫార్సు చేసింది. ఫలానాదే కావాలని కూడా అడగలేదు. డెబియన్ మామూలుగా ఇచ్చే ఎగ్జిమ్ గానీ, పోస్ట్‌ఫిక్స్ గానీ, ఉత్తరం మోసేది ఏదో ఒకటి ఉంటే చాలంది. నాకు నవ్వొచ్చింది. డిస్కులకీ మెయిల్‌కీ ఏం సంబంధం? ఈ ముసలి యూనిక్స్ అలవాట్లు ఇంకెన్నాళ్ళు? అనుకుని, ఎప్పటిలాగే వద్దన్నాను.

సంబంధం ఏమిటంటే, డిస్కు పోయినప్పుడు ఆ ప్రోగ్రాం యజమానికి ఉత్తరం రాస్తుంది. అది చేతనైన రీతిలో మనిషిని పిలవడం అదొక్కటే.

అక్టోబరులో ఒకరోజు అమ్మ పాట ఒకటి అక్కకి పంపుదామని చూస్తే ఫైళ్ళు తెరుచుకోలేదు. సిస్టం వేరే చిన్న డిస్కు మీద ఉండటంతో లాగ్ మిగిలింది. వెనక్కి చదువుకుంటూ పోతే, మొదటి డిస్కు ఫిబ్రవరిలోనే పోయింది. రెండోది ఎనిమిది నెలలు ఒంటరిగా లాగి ఆగిపోయింది. డిస్కుల పరిస్థితి ఏమిటో రోజూ రాత్రి ఓ నివేదిక ఇమ్మని నేనే ఎప్పుడో క్రాన్‌లో ఒక చిన్న స్క్రిప్టు పెట్టాను. అది పాపం రోజూ నడిచింది. నడిచిన ప్రతిసారీ లాగ్‌లో క్రాన్ ఒక వాక్యం రాసింది: ‘నో ఎంటీయే ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్.’ ఉత్తరం మోసేవాడు లేడు, చెప్పిందంతా పారేస్తున్నాను అని. రెండు వందల పైచిలుకు రాత్రులు అదే వాక్యం. ఆ వాక్యం దగ్గర చాలాసేపు కూచున్నాను.

అక్కకి ఇదివరకు పంపినవి తొమ్మిది పాటలు మిగిలాయి. తక్కినవి మళ్ళీ పాడించుకుందామని దీపావళికి తణుకు వెళ్ళాను. అమ్మ పాటల పుస్తకం తీసింది. కాసేపు చూసి, “అక్షరాలు వెలిసిపోయాయిరా” అంటూ పుస్తకాన్ని కుడివైపుకి జరిపి, తల పక్కకి వంచి చదవబోయింది. అక్షరాలు వెలిసిపోలేదు. నాకు బాగానే కనిపిస్తున్నాయి.

ఆవిడ కుడికన్ను నా చేత్తో మూసి, రెండో చేత్తో వేళ్ళు చూపించి, ఎన్ని అని అడిగాను.

“చెయ్యుందని తెలుస్తోంది” అంది.

“ఎన్నాళ్ళయింది?”

“సంక్రాంతి దగ్గర్నుంచి కావచ్చు.”

“రోజూ ఫోన్లో మాట్లాడతాం కదమ్మా, చెప్పలేదేం?”

“రెండోది బాగానే ఉందిగా. వంటా అదీ అవుతూనే ఉంది. నువ్వు బాగున్నావా అంటావు, బాగానే ఉన్నానంటాను. అబద్ధం కాదుగా.”

అబద్ధం కాదు. ఆ కంప్యూటర్ కూడా అబద్ధం చెప్పలేదు. రెండు ఉన్నందువల్ల ఒకటి పోయిన సంగతి బయటికి కనబడదు, అంతే. తోడున్నంతకాలం పని జరుగుతూనే ఉంటుంది. ఒకటి పోయిందని ఎవరైనా వచ్చి చెప్పగలిగితేనే ఆ తోడుకి విలువ. ఆ చెప్పే దారినే నేను రెండు చోట్లా అనవసరపు బరువనుకున్నాను.

కంటి డాక్టరు శుక్లం బాగా ముదిరిందన్నారు. ఆపరేషను అయింది, ఎడమకంటితో ఇప్పుడు పుస్తకం చదువుతోంది. పాటల్లో 40 దాకా మళ్ళీ వచ్చాయి. కొన్నిటి చరణాలు ఆవిడకే గుర్తు లేవు, పుస్తకంలోనూ లేవు.

కొత్త డిస్కులు పెట్టాక ఈసారి సిఫార్సు ఒప్పుకున్నాను. ఎండీఆడ్మ్‌కి ఉత్తుత్తి ఉత్తరం పంపి చూసుకునే సదుపాయం కూడా ఉంది. పంపించాను. నిమిషంలో ఫోన్ మోగింది, టెస్ట్ మెసేజ్ అంటూ. పాటల కాపీ ఒకటి అక్క ఇంట్లో కూడా ఉంది.

అమ్మతో ఫోన్లో బాగున్నావా అని అడగడం మానేశాను. ఎడమ కన్నెలా ఉంది, కుడి కన్నెలా ఉంది, మోకాలు ఏమంటోంది అని ఒక్కొక్కటే అడుగుతాను. “ఈ ఎంక్వయిరీ ఏమిట్రా, పోలీసువాడిలాగ?” అని విసుక్కుంటుంది.

విసుక్కుంటూనే చెబుతుంది.