దగ్గుకి పరదా ఎందుకు?

మా ఇళ్లల్లో టీబీ అనే మాట ఎవరూ పైకి అనరు. అమ్మీ వాళ్ల తరం ‘దిఖ్’ అనేది. తప్-ఎ-దిఖ్ అంటే మనిషిని కొంచెం కొంచెంగా అరగదీసే జ్వరం. తెలుగులో క్షయ అన్నా అదే కదా, తరిగిపోవడం. ‘దిఖ్ నక్కో కర్’ అని సతాయించే పిల్లల్ని కసిరేటప్పుడూ ఈ మాటే వాడతాం. కానీ దగ్గేది ఆడపిల్లయితే ఆ మాట కూడా నోటికి రాదు. ‘జర సర్దీ హై’ అంటారు. మూడు నెలలు దగ్గినా సర్దీనే.

మా ఛోటీ ఖాలాకి ఆ ‘సర్దీ’ 1994లో వచ్చింది. కదిరిలో అత్తగారిల్లు. నికా అయి రెండేళ్లు. దగ్గు, సాయంత్రానికి జ్వరం, రాత్రి చెమటలు. చేతి గాజులు మోచేతి దాకా జారేంత చిక్కిపోయింది. కళ్లెలో నెత్తురు జీర కనబడిన రోజే మైకాకి పంపేశారు. మా నానీమా ఇంట్లోనూ ఆమెకి విడిగా ఒక సిల్వర్ పళ్లెం, ఒక గ్లాసు పెట్టారు. పడుకోవడానికి చెనిక్కాయ మూటలేసే వెనక గది. దానికి కిటికీ లేదు. బిడ్డ ఒంటరిగా భయపడుతుందని నానీమా రోజూ రాత్రి ఆ గదిలోకే పోయి, తలుపేసుకుని పక్కన పడుకునేది.

పళ్లెం వేరు చేశారు, గాలి మాత్రం ఒకటే!

టీబీ పళ్లెం వల్ల రాదు. ఝూటా తిన్నా, చేయి కలిపినా, ఒకే జానమాజ్ మీద నమాజ్ చదివినా రాదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉండి, మందులు మొదలుపెట్టని మనిషి దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు సన్నటి తుంపరలు గాల్లో కలుస్తాయి. గాలి ఆడని గదిలో అవి గంటల తరబడి తేలుతుంటాయి. ఆ గాలి రోజూ పీల్చే ఇంటివాళ్లకి అంటుకుంటుంది. అంటుకున్న అందరికీ జబ్బు రాదు. చాలామంది ఒంట్లో క్రిమి ఊరికే పడుకుని ఉంటుంది. ఆకలి, షుగరు, హెచ్ఐవీ, పొగాకు, ఏదో ఒకటి ఒంటిని కుంగదీసినప్పుడు లేస్తుంది.

ఆకలి సంగతి మా అనంతపురానికి ఒకరు చెప్పాలా? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే బర్కత్ అనుకునే నేల మాది. అదీ ఎగ్గొడితే చెనిక్కాయ పంట చేన్లోనే మాడిపోతుంది, జనం బెంగళూరు బండెక్కుతారు. అక్కడ రేకుల షెడ్డులో పదిమందికీ ఒకే గాలి, రెండు పూటలకి ఒక పూట తిండి. జార్ఖండ్‌లో టీబీ పేషెంట్ల ఇళ్లకి నెలనెలా తిండి సరుకులిచ్చి చేసిన పరిశోధన 2023లో అచ్చయింది. మంచి తిండి అందిన ఆ ఇళ్లల్లో మిగతావాళ్లకి టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఈ జబ్బుకి సగం దవా వంటింట్లోనే ఉందన్నమాట.

ఖాలా కోసం నానీమా పెనుకొండ బాబయ్య దర్గాలో మన్నత్ చేసుకుంది, దమ్ చేసిన నీళ్లు తాగించింది. మా మామూ సర్కారు దవాఖానా చుట్టూ తిరిగి నెలల తరబడి సూదులు వేయించాడు, మాత్రలు మింగించాడు. దువా, దవా రెండూ నడిచాయి. ఖాలాకి షిఫా కలిగింది. తలాక్ మాత్రం మందుల కోర్సు ముగియకముందే వచ్చేసింది.

అప్పట్లో ఆమెని ఆరోగ్యవరం పంపేయమన్నవాళ్లూ ఉన్నారు. మదనపల్లె పక్కనే ఉన్న ఈ టీబీ శానిటోరియం 1915 నాటిది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నిలబెట్టాడు. మందే లేని ఆ రోజుల్లో మంచి గాలి, తిండి, ఆరామ్, ఇవే వైద్యం. తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో డాక్టర్లు ఒక పరీక్ష పెట్టారు. పేద బస్తీల పేషెంట్లలో కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి ఇంట్లోనే మాత్రలిచ్చారు. ఇరుకు ఇళ్లల్లో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లకి కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లకి మల్లేనే నయమైంది. ఇంట్లో ఉంచినందువల్ల కుటుంబాలకి అదనంగా జబ్బు అంటలేదు కూడా. 1959లో ఆ ఫలితాలు వచ్చాక దునియా మొత్తం ఇంటి వైద్యానికి మారింది. పేషెంటుని ఇంట్లోంచి తీసేయాల్సిన పని లేదని మన పక్క రాష్ట్రంలోనే రుజువైన 35 ఏళ్లకి మా ఖాలాని ఇంట్లోంచి తీసేశారు.

2020 గుర్తుందా? కరోనా మొదలైనప్పుడు తబ్లీగీ పేరు చెప్పి మన దగ్గుకి మజహబ్ అంటగట్టారు. బజార్లో టోపీ కనబడితే జనం పక్కకి జరిగారు. కూరగాయలమ్మే మనవాళ్లని కొన్నిచోట్ల వీధుల్లోకి రానివ్వలేదు. ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ వాళ్లని బలిపశువుల్ని చేశారని అంది. జబ్బుని చూపించి మనిషిని దూరం పెడితే గుండె ఎట్లా మండుతుందో మనకి అప్పుడు బాగా తెలిసింది. మరి అదే పని మన కోడళ్లకి, మన ఆడబిడ్డలకి మనం ఎట్లా చేస్తాం?

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా భాంజీకి టీబీ వచ్చింది. ఇరవై రెండేళ్లు. బెంగళూరు గార్మెంట్స్‌లో రెండేళ్లు కుట్టి, దగ్గుతో ఇంటికొచ్చింది. అప్పటికే రిష్తా ఖాయమై ఉంది. “నికా అయిపోనీ, తర్వాత చూపిద్దాం” అన్నారు ఇంట్లో పెద్దలు. ఖాలా ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం, “దాచి పంపితే ఆ ఇంట్లో దానికీ నా గదే దొరుకుతుంది” అంది. ఎవరూ జవాబు చెప్పలేదు. మర్నాడు ఖాలానే పిల్లని సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయి కళ్లె పరీక్ష చేయించింది.

ఆరు నెలల కోర్సు. మందులకి పైసా తీసుకోరు. తిండి కోసం నెలకి వెయ్యి రూపాయలు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. మా అందరికీ పరీక్షలు చేశారు. ఇంట్లో చిన్నోడికి జబ్బు రాకుండా ముందుజాగ్రత్త మందు ఇచ్చారు. మాత్రల వల్ల మూత్రం నారింజ రంగులో వస్తే భాంజీ హడలిపోయింది. అది మందు రంగేనని నర్సమ్మ చెప్పాక స్థిమితపడింది. సరైన మందు పడితే కొద్ది వారాల్లోనే పక్కవాళ్లకి అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కానీ దగ్గు తగ్గింది కదా అని మధ్యలో ఆపితే క్రిమి మందుకి లొంగకుండా తయారవుతుంది. రోజాలు ఉంటానని మొండికేస్తే, బీమారుకి అల్లా ఇచ్చిన మాఫీ ఉంది, తర్వాత ఖజా తీర్చుకోవచ్చని హాఫిజ్ సాబే నచ్చజెప్పాడు.

అబ్బాయి వాళ్లకి ఖాలా, మామూ పోయి ఉన్నదున్నట్టు చెప్పొచ్చారు. వాళ్లు కాదనలేదు, ఔననలేదు. రంజాన్ తర్వాత చెప్తామన్నారు. భాంజీకి ఇప్పుడు నాలుగో నెల. నాలుగు కిలోలు పెరిగింది. మా దస్తర్‌ఖాన్ మీదే కూర్చుని మా పళ్లేల్లోనే తింటోంది.

రెండు వారాలు దాటి దగ్గుంటే కళ్లె పరీక్ష చేయించండి. గది కిటికీలు తెరవండి. ఇమాం సాబ్‌లు ఒక్క జుమ్మా బయాన్‌లో ఈ సంగతి చెప్తే మేలు. ఆడవాళ్ల ఇజ్తెమాల్లో అయితే ఇంకా మేలు, దాచిపెట్టే దగ్గులు ఎక్కువగా అక్కడే ఉన్నాయి.