భువనగిరి బండమీద ఒక ఉదయం

మా ఇంట్లో పిల్లలకు రెండు నిషేధాలు. నీళ్ళలోకి దిగకూడదు, ఎత్తులు ఎక్కకూడదు. ఈ రెండూ మా అమ్మ శాసనాలు. కారణం అందరికీ తెలుసు గాని ఎవరూ పైకి అనరు. నాకంటె మూడేళ్ళు పెద్దవాడు మా అన్నయ్య. వాడి పన్నెండో ఏట మా ఊరి తోటలో నూతిలో పడిపోయాడు. అప్పటినుంచి నేను జామచెట్టు ఎక్కి ఎరగను. ఈత సంగతి సరేసరి.

అటువంటి ఇంట పుట్టిన మా అమ్మాయి, పదమూడేళ్ళది, మొన్న వేసవి సెలవుల్లో ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. భువనగిరి కొండ దగ్గర పిల్లలకు మూడు రోజుల శిబిరమట. బండలెక్కడం, తాడుమీద దిగడం నేర్పుతారట. తండ్రి సంతకం కావాలి. కళ్ళజోడు ఎక్కడో పెట్టానని తప్పించుకోబోయాను. కళ్ళజోడు కూడా అదే వెతికి తెచ్చి పెట్టింది.

"పూర్ణ ఎక్కలేదూ?" అన్నది.

ఆ పేరుకు నా దగ్గర జవాబు లేదు. నిజామాబాదు జిల్లా పాకాల అనే పల్లెలో పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగో ఏడు నిండనే లేదు. నేపాలు వైపునుంచి ఎక్కాలంటే పదహారేళ్ళు నిండి ఉండాలి గనుక టిబెట్టు వైపునుంచి ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల్లో చదువుకొన్న పేదింటి పిల్లలు. డార్జిలింగు, లడఖ్ తరవాతి మాట. వాళ్ళ ఓనమాలు మాత్రం ఈ భువనగిరి రాతిమీదే.

సంతకం చేశాను. ఆ సంగతి అమ్మకు చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. ఆవిడ ఏమీ అనలేదు. మజ్జిగన్నం కలుపుకొంటూ, "ఆఖరి రోజు నేనూ వస్తాను" అన్నది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి! ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

హైదరాబాదు నుంచి వరంగల్లు దారిలో భువనగిరి సుమారు యాభై కిలోమీటర్లు. యాదగిరిగుట్టకు పోయేవాళ్ళు బస్సు కిటికీలోంచి చూచి "అదుగో కోట" అనుకొని సాగిపోతారు. నేనూ అలా ఎన్నిసార్లు సాగిపోయానో! దగ్గరికి పోతేగాని తెలియలేదు, అది కొండ కాదు, ఒకే ఒక రాయి అని. చుట్టూ ఉన్న నేలమీద అయిదు వందల అడుగులకు పైగా లేచిన ఏకశిల అది. ఒక వైపునుంచి చూస్తే తాబేలు, ఇంకొక వైపునుంచి పడుకొన్న ఏనుగు. భూమి లోపల కరిగి ఉన్న రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళనాడు చల్లారి గడ్డకట్టింది. మీదనున్నదంతా కాలక్రమాన అరిగిపోగా ఇది బయటపడింది. ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా పైపొరలు ఊడిపోతుంటాయి గనుక అంత నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కోట కట్టించినవాడు 1076 నుంచి 1126 దాకా ఏలిన పశ్చిమ చాళుక్య రాజు, ఆరవ విక్రమాదిత్యుడు. అతని బిరుదు త్రిభువనమల్లుడు. ఆ బిరుదుమీదనే త్రిభువనగిరి అయి, పిలవగా పిలవగా భువనగిరి అయింది. 1708లో సర్వాయి పాపన్న దాడి చేసింది ఈ కోటమీదే. ఆ గోడల కిందనుంచి పైకి చూస్తే అతని మనుషుల గుండెధైర్యం తెలుస్తుంది లెండి.

మేము తెల్లవారుజామునే బయలుదేరి వెలుగు వచ్చేసరికి అక్కడికి చేరుకొన్నాము. ఎండెక్కితే ఆ బండమీద చెయ్యి ఆనించలేము గనుక వేసవిలో పాఠాలన్నీ పొద్దున్నే. పాతికమంది దాకా పిల్లలు. తలలకు హెల్మెట్లు, నడుములకు, తొడలకు బిగించిన పట్టీలు. అటు పట్నం బడుల పిల్లలు, ఇటు హాస్టలు పిల్లలు. ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టంగా ఉన్నది. అందరి మోకాళ్ళూ ఒకేలా చెక్కుకుపోయి ఉన్నాయి.

అమ్మ తిన్నగా తాడు దగ్గరికి వెళ్ళి వేళ్ళతో తడిమి చూచింది.

"నూలుదా నాయనా?" అని నేర్పే కుర్రవాణ్ణి అడిగింది.

"నైలానుదండీ మామ్మగారూ. పైన తొడుగు వేరు, లోపలి పోగులు వేరు. బరువంతా లోపలి పోగులదే. వాడేముందు ఇలాగే పొడుగునా తడిమి చూస్తాం. ఎక్కడన్నా మెత్తగా తగిలితే తీసి పారేస్తాం."

"చేదతాడు మేమూ అలాగే చూసేవాళ్ళం" అన్నది అమ్మ. తరవాత మనమరాలి నడుము దగ్గరి ముడి చూచి, "ఇది ఎవరు వేశారు?" అన్నది.

"నేనే నాయనమ్మా."

"ఏదీ, విప్పి మళ్ళీ వెయ్యి."

వేసింది. అంకె ఎనిమిదిలా ఉంటుంది ఆ ముడి. ఒకరు వేసిన ముడి రెండోవారు చూడనిదే ఎవరూ బండ దిగరాదని అక్కడి నియమమట.

ఎక్కడానికి సూత్రం తేలిక. రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు రాతిమీద ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి. దిగడంలోనే ఉన్నది చిక్కంతా. భయం వేసినవాడు రాతిని కావలించుకొంటాడు. కావలించుకొన్నవాడి పాదాలు జారుతాయి. వెనక్కి, శూన్యంలోకి వాలి, కాళ్ళు చాచి పాదాలతో బండను తన్నిపట్టాలి. అప్పుడే పట్టు. తలకిందులు న్యాయం సుమండీ!

నలభై అడుగుల బండ అంచున మా అమ్మాయి నిలబడ్డది. దానికి ముందు దిగిన కుర్రవాడు నవ్వుతూ దిగాడు. ఇది రెండడుగులు దిగి రాతిని కరుచుకొన్నది. కాలు జారింది. మోకాళ్ళు రాతికి కొట్టుకొని తాడుకు వేలాడింది.

"చాలు, పైకి లాగెయ్యండి!" అని నేను అరవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకొన్నది. గోళ్ళు దిగేటట్టు పట్టుకొన్నది.

"నోరు మెదపకు. దాన్ని వాళ్ళ మాట విననీ."

పైనుంచి కుర్రవాడు "వెనక్కి వాలు, కూర్చున్నట్టు" అని నెమ్మదిగా చెబుతున్నాడు. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. అమ్మ చెయ్యి వణకడం మాత్రం తెలుస్తున్నది. చివరకు మా పిల్ల జానెడు వెనక్కి వాలింది. మూరెడు వాలింది. పాదాలు నిలిచాయి. ఒక అడుగు, మరొక అడుగు. కిందికి వచ్చాక ఏడవలేదు, నవ్వలేదు. మంచినీళ్ళు అడిగింది.

అమ్మ దానికోసం సున్నుండలు డబ్బాలో పోసి తెచ్చింది. ఆ డబ్బా పట్టుకొని ముందు మనమరాలి దగ్గరకు పోలేదు. దిగుతున్నవాళ్ళకు రక్షణగా కట్టే రెండో తాడును కింద పట్టుకొని నిలబడ్డ పిల్ల ఒకతె ఉన్నది. హాస్టలు పిల్ల, సన్నగా, మాదానికంటె చిన్నదే. అమ్మ దాని అరచేతులు తిప్పి చూచి, రెండింటిలోనూ చెరొక ఉండ పెట్టింది.

తిరుగు ప్రయాణం రైల్లో. మాకు కిటికీ దగ్గర చోటు దొరికింది. అమ్మాయి మూరెడు తాడు ముక్క ఒకటి అడిగి తెచ్చుకొన్నది, ముడి మరిచిపోకుండా వేసుకోడానికట. బీబీనగర్ దాటాక అమ్మ బయటికి చూస్తూ అన్నది:

"ఆ రోజు నూతి దగ్గర తాడు ఉందిరా. గిలకమీదే ఉంది. పట్టుకోడానికి పైన మనిషి లేడు."

నలభై ఏళ్ళకు దగ్గరవుతున్నది. ఆవిడ నోట ఆ మాట రావడం నేను అదే మొదటిసారి వినడం. ఏమనాలో తోచలేదు. అమ్మ మనమరాలి చేతిలోంచి తాడు ముక్క తీసుకొని, ఒడిలో పెట్టుకొని, ముడి వేయబోయింది. రెండుసార్లు జారిపోయింది.

"అలా కాదు నాయనమ్మా, ఆ కొస కిందినుంచి తియ్యి" అన్నది మా అమ్మాయి.