అమ్మ మోచేయి

రెండేళ్ల క్రితం వానాకాలంలో, 78 ఏళ్ల మా అమ్మ పెరటి మెట్ల మీద జారిపడింది. కుడి మోచేతి కొన విరిగింది. బల్ల మీద మోచేయి ఆనించినప్పుడు తగిలే ఎముక అది. వైద్యులు ఒలెక్రెనాన్ అంటారు. చేతిని చాపే ట్రైసెప్స్ కండరం దానినే అంటిపెట్టుకొని ఉంటుంది గనుక, విరిగిన ముక్కను పైకి లాగేస్తుంది. ఎక్స్‌రేలో ఆ ఎడం చూసి నాకు కాళ్లాడలేదు.

పుత్తూరు కట్టు వేయించమని పెద్దనాన్న అన్నారు. కీలులోని విరుపును వారాల తరబడి కదలనీయకపోతే మోచేయి బిగుసుకుపోతుందని చదివి, ఆయనకు ఎలాగో నచ్చజెప్పాను.

మొదటి వైద్యుడు రెండు మార్గాలు చెప్పారు. ఒకటి, రెండు సన్నని ఉక్కు కడ్డీలు దించి, ఎనిమిది అంకె ఆకారంలో తీగ బిగించడం. ఖర్చు తక్కువే కానీ, చర్మం కిందే ఉండే ఆ మొనలు గుచ్చుకొని, తీయించుకోవడానికి మళ్లీ కోతకు వెళ్లేవారు చాలామంది. రెండవది, లోహపు పలకను మరలతో బిగించడం. ఎముక నుగ్గయిన చోట తీగ చాలదు, పలకే కావాలి. ఖర్చు ఎక్కువ, పలుచని ముసలి చర్మం కింద గాయం చీము పట్టే భయమూ ఉంది.

మరొక వైద్యురాలు, కీలు జారలేదని నిర్ధారించుకొని, "అసలు కోయకపోతే?" అన్నారు. 75 ఏళ్లు దాటినవారిపై ఎడిన్‌బరోలో జరిగి 2017లో వెలువడిన అధ్యయనాన్ని, శస్త్రచికిత్స పొందినవారిలో చిక్కులు ఎక్కువ కావడంతో ముందే ఆపేశారు. ఏడాది తరువాత చేతి పనితనంలో ఇరువర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే అందులో ఉన్నది 19 మందే.

నా మనసు మాత్రం పలక వైపే మొగ్గింది. అప్పుడు అమ్మ అడిగింది: "అన్నం కలుపుకోగలనా? జడ వేసుకోగలనా? మీ నాన్నగారిని పట్టి లేపగలనా?"

మొదటి రెండింటికీ వైద్యురాలు తలూపారు. మూడవదానికి, "చేయి చాపి గట్టిగా నెట్టే బలం కొంత తగ్గుతుందమ్మా" అన్నారు.

నాన్న పక్షవాతంతో మంచం పట్టి అప్పటికి నాలుగేళ్లు. పలక మీద నాకంత మోజు ఎందుకో ఆ క్షణాన తెలిసివచ్చింది. అమ్మ చేతికి పూర్తి బలం వస్తే, నేను నిశ్చింతగా నగరానికి, ఉద్యోగానికి వెళ్లిపోవచ్చు. నేను బేరీజు వేస్తున్నది అమ్మ మోచేతిని కాదు, నా సెలవులను.

కోత వద్దనుకున్నాం. కొద్దిరోజులు చేతిని మెడకు వేలాడదీసి, ఆపైన నెమ్మదిగా కదిలించడం మొదలుపెట్టింది. ఇప్పటికీ చేయి పూర్తిగా చాచలేదు. జడ మాత్రం తనే వేసుకుంటుంది. నాన్నను లేపేది నేను. ఉద్యోగం ఈ ఊరికే మార్పించుకున్నాను.

అందరికీ ఇదే దారి అనను. వయసులో ఉన్నవారికి ముక్క ఇలా ఎడమైతే సాధారణంగా శస్త్రచికిత్సే చేస్తారు. అయితే, వైద్యుడికి ఎక్స్‌రేతో పాటు ఆ చేయి రోజూ చేసే పనుల చిట్టా కూడా చూపించండి. అది రాసేటప్పుడు, ఆ పనులు ఎవరివో ఒకసారి నిజాయితీగా చూసుకోండి.