తీగల కింద గొంతు

ఎలక్ట్రిక్ బేసు గిటారు మోత ఇంట్లో ఇల్లాలి చాకిరీ లాంటిది, ఆగినప్పుడే తెలుస్తుంది. ఆ గొంతు తీగల కింద దాక్కున్న పికప్‌ది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ, వేల చుట్లు! 1957లో ఫెండర్ వారు ప్రెసిషన్ బేస్‌కి దాన్ని రెండు ముక్కలు చేశారు. చుట్లూ ఎదురెదురే, అయస్కాంతాలూ ఎదురెదురే. అందుకే కరెంటు రొద దానికదే కొట్టుకుపోయి, పాట మిగులుతుంది.

కాలం చేసిన మా తమ్ముడి బేసులో ఆ రాగితీగ తెగింది.

"చుట్లు ఎక్కువున్నది కొనరాదట్రా, గట్టిగా మోగుతుంది" అన్నాను.

"మోగుతుంది గానీ అత్తయ్యా, మొద్దుబారుతుంది. నాన్న వాయించినట్టుండదు" అన్నాడు మేనల్లుడు.

పాతదానిలాంటిదే వెతికి తెచ్చి, తెల్లతీగ వాల్యూమ్ కంట్రోలుకీ, నల్లతీగ ఎర్తుకీ సోల్డరింగ్ చేశాడు.

మూగబోయిన పాతది పారేస్తానంటే నేనే పుచ్చుకున్నాను. నా బీరువాలో, తమ్ముడి ఉత్తరాల పక్కనే ఉంది.