పెద్దల తరగతికి చదివిపెట్టిన రోజులు

గుండ్లకమ్మ ఒడ్డున మా పల్లె గుడిలో ఆదివారం పొద్దున పిల్లలకు సండే స్కూలు, దీపాలు పెట్టే వేళకు పెద్దల తరగతి. 1970ల నాటి మాట. పెద్దల కూడికకు పిల్లల్లో నన్నొక్కణ్ణే రానిచ్చేవారు. అక్కడ సగం మందికి పైగా అక్షరం రాదు, నేను తడబడకుండా చదువుతానని పాస్టరుగారి నమ్మకం.

మా జేజమ్మ వాళ్ల తాత ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్విన కూలీ. మిషనరీ క్లౌ దొర ఆ కాలువలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఇదే గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటికోసం కలిశారని ఊళ్లో ఎవరైనా అంటే జేజమ్మ ఊరుకునేది కాదు. కూడు ఒక్కటే కారణమైతే కరువు పోయాక ఈ తరగతికి ఎవరొస్తారని ఎదురడిగేది. నాకిప్పటికీ ఆ మాటే సరైన జవాబనిపిస్తుంది.

పాస్టరుగారు రామాయపట్నం సెమినరీలో చదివినాయన. అయినా ముందుగా అర్థం చెప్పేవారు కారు. నాచేత రెండుసార్లు చదివించి, "ఏమంటారు?" అని అడిగి ఊరుకునేవారు. మత్తయి ఇరవయ్యో అధ్యాయం, ద్రాక్షతోట కూలీల ఉపమానం వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తు. పొగాకు చేలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు లేచారు. "పొద్దుట్నించీ ఎండలో మాడినోడికీ, సందెకాడ వచ్చినోడికీ ఒకటే కూలా? ఇదేం న్యాయమయ్యగారా?" అన్నారు. ఆడవాళ్ల చాప మీంచి ఒకావిడ అందుకుంది. "పనికని నిలబడితే ఎవురూ పిలవని పగలు ఎంత పొడుగో నీకు తెలవదా మామా? ఆడింట్లో పిల్లోళ్లకి ఆకలి తగ్గిద్దా?" పెద్దాయన ఒప్పుకోలేదు. రెండు వారాలు అదే వాదం నడిచింది. ఊళ్లో రైతు అరుగు కింద నిలబడి మాట్లాడాల్సిన మనుషులు, ఇక్కడ చాప మీద కూర్చుని యజమాని న్యాయాన్ని నిలదీశారు. పాస్టరుగారు ఒక్కసారి కూడా తప్పని వారించలేదు. ఆ తర్వాత నేను విన్న గొప్ప ప్రసంగాల్లో ఏదీ ఆ ఉపమానాన్ని అంత దగ్గరగా చూపించలేదు.

రూతు గ్రంథం వస్తే ఇక మాట ఆడవాళ్లదే. కోతలయ్యాక పరిగె ఏరుకునే చేతులు వాళ్లవి. రూతు పరిగె ఏరుకున్న చేను యజమాని బోయజు పనివాళ్లతో కావాలనే పనల్లోంచి కొన్ని వెన్నులు లాగి పడెయ్యమన్న చోటికి రాగానే, ఏ రైతు చేలో అలా వదిలేవారో, ఎవరు తరిమేవారో ఒక్కొక్కరే చెప్పుకొచ్చేవారు.

పాఠం గుడిలోనే ఆగేది కాదు. వంటకు ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం పక్కన పెట్టి ఆదివారం తెచ్చేవారు. తరగతికి రానివాళ్ల ఇంటికి అదే రాత్రి లాంతరు పట్టుకుని వెళ్లేవారు. జ్వరమని తెలిస్తే ప్రార్థన చేసి, ఆ బియ్యంలోంచి కొంత ఇచ్చి వచ్చేవారు. ప్రభువు బల్ల జరిగే ముందు వారం మాటల్లేకుండా ఉన్న అన్నదమ్ములను ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. అందరి తగవులూ తీరాయని చెప్పను. కొందరు బల్లకు రాకుండానే ఏడాది గడిపారు. వాళ్లకూ తరగతిలో చాప మీద చోటుండేది.

ఎనిమిదో తరగతికి నేను ఒంగోలు హాస్టలుకు వెళ్లాల్సి వచ్చింది. చదివేదెవరని పాస్టరుగారు అడిగితే, పెద్దాయనతో వాదించిన ఆవిడే ముందుకొచ్చింది. రాత్రిబడిలో అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది. దసరా సెలవులకు వచ్చి చూస్తే, ఒక వచనానికి నేను తీసుకునే సమయంలో ఆవిడ రెండు మాటలు దాటుతోంది. ఎవరూ తొందరపెట్టలేదు. ఒత్తు దగ్గర ఆవిడ ఆగితే, చదువు రాని ఆ పెద్దాయన కంఠతా వచ్చిన వచనంలోంచి తర్వాతి మాట అందించాడు.