చదరంగపు బల్లపై చక్కెర

మంజీరా నదిపై కట్టిన నిజాంసాగరు నీరు పారుటచే నిజామాబాదు, బోధను ప్రాంతములందు చెరకు తోటలు వెలసినవి. బోధనులో 1937లో నెలకొల్పబడి 2015లో మూతపడిన చక్కెర కర్మాగారము ఆ సీమకంతటికిని పేరు తెచ్చినది. అచ్చటి బాలునకు చక్కెర రాశి వింత కాదు. అయినను ఒక చదరంగపు బల్ల యెంత చక్కెరను కోరగలదో చెప్పుమనిన, తల పండినవాడును తడబడును.

బల్లపై గళ్లు అరువదినాలుగు. మొదటి గడిలో ఒక పలుకు, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఇట్లు రెట్టింపు చేయుచు పోవలెను. ఎనిమిది గళ్లు నిండునప్పటికి మొత్తము 255 పలుకులే. అవి చీమలకైనను చాలవు! వేయి పలుకులు ఒక గ్రాము తూగుననుకొన్నచో, ముప్పదిరెండు గళ్లకు, అనగా సగము బల్లకు, ఏబది కిలోల బస్తాలు సుమారు 86 కావలెను. ఒక లారీకైనను నిండు సరుకు కాదు. మిగిలిన సగమును నింపునప్పటికి మాత్రము 1,844 కోట్ల టన్నులు కావలసివచ్చును. నేడు ప్రపంచమంతయు ఏటేట తీయుచున్న చక్కెర సుమారు 18 కోట్ల టన్నులు. నూరేండ్ల పంట ఆ బల్లపై ఇమిడినదన్నమాట.

ఆ పలుకుల సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. అరువదినాలుగు సంఖ్యలను కూడ పనిలేదు. ఎచ్చట ఆగినను, మొత్తము తరువాతి గడిలోని సంఖ్యకు ఒకటి తక్కువగా నుండును.

ఈ యిరువది అంకెల సంఖ్యను తెలుగువారు పద్యముననే బంధించిరి. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితమును 11వ శతాబ్దిలో తెనిగించిన పావులూరి మల్లనదిగా ఆ పద్యము ప్రసిద్ధము. అందు చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, బాణములనిన అయిదు, ఏనుగులనిన ఎనిమిది, ఆకాశమనిన సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు చదువుకొనవలెను. ఇది వట్టి వినోదము కాదు. తాటాకుపై వ్రాయునప్పుడు అంకె యొకటి జారిన ఎవరికిని తెలియదు. మాట జారిన ఛందస్సు కుంటి, దొంగను పట్టియిచ్చును.

ఇక దాని గుణములు. చివర 5 ఉండుటచే అయిదుచే భాగింపబడును. అంకెలన్నియు కూడిన 87. కావున మూడుచేతను భాగింపబడును. అంతకంటె రమ్యమైనది వేరొకటి కలదు. సగము బల్లపై మొత్తము 4,29,49,67,295. అది 3, 5, 17, 257, 65,537 అను ప్రధాన సంఖ్యల లబ్ధము. వీనిలో ప్రతిదియు తనకు ముందున్నవాని లబ్ధమునకు రెండు కలిపినచో వచ్చును. అయిదింటి లబ్ధమునకును రెండు కలిపిన 4,29,49,67,297 వచ్చును. సగము బల్ల మొత్తమును దీనిచే హెచ్చించినచో నిండు బల్ల మొత్తము లభించును.

ఈ వరుసలోనివన్నియు ప్రధాన సంఖ్యలే యని ఫ్రాన్సు దేశపు ఫెర్మా భావించెను. అయిదును చూచినవారెవరైనను అట్లే భావింతురు. కాని 1732లో ఆయిలరు ఆరవదానిని 641 నిశ్శేషముగా భాగించునని చూపెను. లబ్ధి 67,00,417. రెండింటిని గుణించి చూచుటకు పలకలో సగము చాలును.